సంచితో పాటు ఏం పోయింది?

స్త్రీ మనసుకీ, ఆమె కడుపులోని అవయవాలకీ ముడిపెట్టడం వైద్యానికి పాత అలవాటు. హిస్టీరియా అనే పేరే గర్భాశయం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పుట్టింది. 1872లో అమెరికన్ డాక్టరు రాబర్ట్ బ్యాటీ, జబ్బులేని అండాశయాలను కూడా తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. 'పిచ్చి'కి అదే మందని తర్వాత చాలామంది డాక్టర్లు నమ్మారు. ఆడదాని బుద్ధి కుదురుగా ఉండాలంటే అండాశయం పోవాలన్నమాట!

శతాబ్దం గడిచాక ప్రయోగశాల ఈ తర్కాన్ని తలకిందులు చేసింది. 1990లో ఎలిజబెత్ గూల్డ్, క్యాథరిన్ వూలీ, బ్రూస్ మెక్యువెన్ తదితరులు ఆడ ఎలుకల అండాశయాలు తీసి చూశారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, ఒక కణం మరో కణంతో సంబంధం కలుపుకునే సన్నని మొలకలు తగ్గిపోయాయి. హార్మోన్లు ఇస్తే అవి తగ్గలేదు. మెదడు కణం చనిపోకుండా కాపాడే ప్రొటీన్లను ఈస్ట్రోజన్ పెంచుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి.

అలాగని అది సంజీవని కాదు. 65 దాటిన స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇస్తే మతిమరుపు జబ్బు ముప్పు రెట్టింపయిందని 2003లో ఒక పెద్ద అమెరికన్ అధ్యయనం తేల్చింది. 2007లో మేయో క్లినిక్ పరిశోధకులు మరో సంగతి చెప్పారు: ముట్లుడగకముందే అండాశయాలు తీయించుకున్నవాళ్లలో ఆ ముప్పు ఎక్కువ, ఎంత చిన్న వయసులో తీస్తే అంత ఎక్కువ.

అదే 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, తొలి మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. పేదలకు పెద్ద వైద్యం అందింది. దాంతోపాటే అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద విమర్శలూ వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతమైతే, తెలంగాణలో సుమారు 8, ఆంధ్రప్రదేశ్‌లో 9.

బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున నేను మాట్లాడిన ఆడవాళ్లెవరి నోటా 'అండాశయం' అనే మాట రాలేదు. "సంచి తీసిండ్రు," అంతే. అండాలు కూడా తీశారా అని అడిగితే ఒక పెద్దామె, "ఏమో బిడ్డా, మాకేం జెప్పిండ్రు?" అంది.

మన మెదడును అండాశయమే ఏలుతుందని నేననడం లేదు. ఆ మాట బ్యాటీ వారసులకే పనికొస్తుంది. పిల్లలు పుట్టాక ఆ అవయవంతో పనేముందన్న మాటనే ప్రశ్నిస్తున్నాను. ఏం తీశారో, ఎందుకు తీశారో, ఆమెకు అర్థమయ్యే తెలుగులో రాసిచ్చే కాగితం ఆమె హక్కు. ముందు ముందు ఆమె మతిమరుపుకు వయసే కారణమని కొట్టిపారేసేవాళ్లకు చూపించడానికైనా ఆ కాగితం ఉండాలి.