రాష్ట్ర ప్రభుత్వాలలో క్రైస్తవ మంత్రులు – ప్రవేశ పుస్తకంలోని ఒక గడి

ఏ పాఠశాలలోనైనా అన్నిటికంటె విలువైన గ్రంథం ఏదని అడిగితే చాలామంది గ్రంథాలయపు బీరువా వైపు చూస్తారు. చరిత్ర బోధించినవాడిగా నా సమాధానం వేరు. అది ప్రధానోపాధ్యాయుని గదిలో ఇనుపపెట్టెలో భద్రపరచిన ప్రవేశ పుస్తకం. విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ఆ పక్కన మతము, కులము అనే గడి. జూన్ మాసపు రద్దీలో ఒక్క క్షణంలో నింపే ఆ గడి, పాతిక ముప్పై ఏళ్ళ తరువాత ఒక మనిషి శాసనసభకు పోటీ చేయడానికి అర్హుడా కాడా అన్న వివాదంలో సాక్ష్యంగా నిలువగలదు. దేశపు అత్యున్నత న్యాయస్థానంలో అటువంటి నమోదు సాక్ష్యంగా నిలిచింది కూడ. ప్లాటినం జూబ్లీ సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గంవారు కోరినప్పుడు, రాజుల యుద్ధాలకంటె ఈ గడి కథ చెప్పడమే పాఠశాల సంచికకు తగినదని నాకు తోచింది.

ముందుగా మన ప్రాంతం మాట. హళ్ళిఖేడ్ (బి) పేరు చివరనున్న అక్షరం బుజుర్గ్ అనే పారసీ మాటకు పొట్టిరూపం. పెద్ద ఊరు అని దాని భావం. కన్నడము, తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినిపించే బీదరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఉద్గీరు, నీలంగా వైపు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బీదరు, భాల్కి, హుమ్నాబాదు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీతలు మారినా బంధుత్వాలు మారలేదు. మెథడిస్టు మిషను పాఠశాలలు, ఆసుపత్రి, ప్రార్థనామందిరాలు గీతకు రెండు వైపులా ఉన్నాయి. అక్కడ ప్రార్థనకు చేరేవారిలో ఎక్కువమంది ఒకప్పుడు ఊరి చివర వాడలలో నివసించిన కుటుంబాల వారసులు. ఈ విషయాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి.

బ్రిటిష్ పాలనలో క్రైస్తవులకు శాసనసభలో ప్రత్యేక స్థానాలుండేవి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 8 భారతీయ క్రైస్తవులకు కేటాయించారు. వాటికి క్రైస్తవ ఓటర్లే ఓటు వేయాలి. స్వాతంత్ర్యానంతరం ఈ ఏర్పాటును కొనసాగించాలా అన్న చర్చ రాజ్యాంగ పరిషత్తులో వచ్చింది. పరిషత్తు ఉపాధ్యక్షుడు, అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షుడు అయిన హరేంద్రకుమార్ ముఖర్జీ స్వయంగా క్రైస్తవుడు. మద్రాసు నుండి వెళ్ళిన జెరోం డిసౌజా పాదిరి. తమ మతం వారికి ప్రత్యేక స్థానాలు అక్కరలేదని వాదించినవారిలో ఈ ఇరువురూ ముఖ్యులు. 1949 మే నెలలో మతప్రాతిపదికన శాసనసభా స్థానాల రిజర్వేషను తొలగిపోయింది. అప్పటినుండి క్రైస్తవుడు మంత్రి కావాలంటే అన్ని మతాలవారి ఓట్లూ అడిగి గెలవాలి. ఆ నిర్ణయం ఉదాత్తమైనదే. అయితే దాని భారం అందరి భుజాలపై సమంగా పడలేదు.

కారణం మరుసటి సంవత్సరమే వచ్చింది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా, హిందూమతాన్ని కాక వేరొక మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులానికి చెందినవాడు కాడని శాసించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు. క్రైస్తవులకు, ముస్లిములకు చేయలేదు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మాత్రం ఇటువంటి మతనిబంధన లేదు. అందుచేతనే ఈశాన్య రాష్ట్రాలలో క్రైస్తవులైన గిరిజనులు రిజర్వుడు స్థానాలనుండి గెలిచి ముఖ్యమంత్రులయ్యారు. వాడలో పుట్టి చర్చికి వెళ్ళే వ్యక్తికి ఆ దారి లేదు. జనరల్ స్థానంలో నిలబడవచ్చు. భూమి, ధనము, కులబలము లేనివాడు జనరల్ స్థానంలో ఎంతవరకు నిలువగలడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నిబంధన ఒక ప్రజాప్రతినిధి జీవితంలో ఎలా పనిచేసిందో తెలియాలంటే కోలారు బంగారు గనులకు పోవాలి. తమిళులు, తెలుగువారు తరతరాలుగా గనిలోకి దిగిన ఆ పట్టణం అప్పటి మైసూరు రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన నియోజకవర్గం. 1967 ఎన్నికలలో అక్కడ ఎస్. రాజగోపాల్ గెలిచారు. ఓడిన సి.ఎం. ఆర్ముగం న్యాయస్థానానికి వెళ్ళారు. రాజగోపాల్ 1949లో క్రైస్తవ మతం స్వీకరించారు కనుక ఆయన ఆదిద్రావిడ హిందువు కాడని ఆర్ముగం వాదన. మైసూరు హైకోర్టు ఆ వాదనను అంగీకరించి ఎన్నికను రద్దుచేసింది. సుప్రీంకోర్టు కూడ దానినే ఖాయపరచింది.

1972లో రాజగోపాల్ మరల పోటీచేసి గెలిచారు. మరల అదే ప్రత్యర్థి, అదే అభియోగం. ఈసారి ఆయన తాను హిందూమతంలోకి తిరిగి వచ్చానని, ఆదిద్రావిడులు తనను తమవానిగా స్వీకరించారని నిరూపించవలసి వచ్చింది. అందుకు ఏమి చూపారు? మారియమ్మ గుడి ఉత్సవాలకు తనను పిలిచారని, షెడ్యూల్డు కులాల సభలలో పాల్గొన్నానని చూపారు. వాటితోపాటు తన పిల్లల పాఠశాల నమోదులను చూపారు. వారు ఆదిద్రావిడ హిందువులుగా చేరారే కాని క్రైస్తవులుగా కాదు. ఎవరో ఒక ఉపాధ్యాయుడు ఏ సంవత్సరమో, తండ్రి చెప్పగా, పిల్లవాని పేరు పక్కన వ్రాసిన మాట అది! 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయన వాదన అంగీకరించింది. మతం మారినంతమాత్రాన కులం తప్పక పోతుందని చెప్పలేమని, తిరిగి వచ్చినవానిని చేర్చుకోవాలా వద్దా అన్నది ఆ కులంవారి ఇష్టమని తీర్పు సారాంశం. ఒక శాసనసభ్యుని పదవి అతడు చేసిన పనిమీద కాక అతడు ఏ గుడిలో కనిపించాడన్న దానిమీద నిలిచిన ఉదంతం నాకు తెలిసినంతలో ఇంతకంటె స్పష్టమైనది లేదు. వ్యక్తిగతంగా నేను రాజగోపాల్‌ను గాని ఆర్ముగంను గాని తప్పుపట్టను. ఇద్దరూ పేదల వాడలనుండి రిజర్వుడు స్థానానికి పోటీపడినవారే. నిబంధన చేతికిచ్చిన ఆయుధాన్ని ఒకరు వాడుకున్నారు, మరొకరు దానినుండి కాచుకున్నారు.

దీనికి పూర్తిగా భిన్నమైనది మరొక ఉదాహరణ. అది మన పొరుగున ఉన్న గుల్బర్గాలో మొదలవుతుంది. కడప జిల్లాకు చెందిన ఒక క్రైస్తవ రెడ్డి కుటుంబంలో 1949 జూలై 8న పుట్టిన యెడుగూరి సందింటి రాజశేఖరరెడ్డి వైద్యవిద్య చదివినది గుల్బర్గా మహదేవప్ప రాంపురే వైద్య కళాశాలలో. తరువాత జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేర 70 పడకల ధర్మాసుపత్రి పెట్టారు. 1978లో పులివెందులనుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 1980, 1983 మధ్య గ్రామీణాభివృద్ధి, ఎక్సైజు, విద్య వంటి శాఖలకు మంత్రిగా పనిచేశారు. పులివెందుల జనరల్ స్థానం. ఆయన ఏ ధృవపత్రమూ చూపవలసిన అవసరం రాలేదు. ఆయన మతం అందరికీ తెలుసు, దానిని ఆయన దాచనూ లేదు. వెనుక కుటుంబ బలమున్నవానికి మతం అడ్డురాదని దీనివలన తేలుతున్నది.

2003 వేసవిలో చేవెళ్ళనుండి ఇచ్ఛాపురం వరకు సుమారు 1,500 కిలోమీటర్లు నడిచి, 2004 మే 14న ముఖ్యమంత్రి అయ్యారు. తొలి సంతకం రైతుల ఉచిత విద్యుత్తు దస్త్రంమీద చేశారు. 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవానికి పెద్ద ఆసుపత్రి తలుపు తెరిచింది. గుల్బర్గాలో చదివిన వైద్యుని చూపు అందులో కనబడుతుంది. జలయజ్ఞం పనులలో అవినీతి జరిగిందని ప్రతిపక్షాలు తీవ్రమైన ఆరోపణలు చేశాయి. చరిత్రకారుడు వాటినీ నమోదు చేయాలి.

మతవిషయంలో ఆయనను అనుమానంతో చూసినవారున్నారు. తిరుమల కొండపై అన్యమత ప్రచారం జరుగుతున్నదని ఆందోళన లేచింది. ఆయన ప్రభుత్వమే 2007లో ప్రార్థనా స్థలాలలో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. వంశపారంపర్య అర్చకత్వాన్ని 1987 నాటి దేవాదాయ చట్టం రద్దుచేయగా, అర్చక కుటుంబాలకు ఊరటనిచ్చే సవరణ కూడ 2007లోనే వచ్చింది. బ్రహ్మోత్సవాలలో ప్రభుత్వం తరపున శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించినదీ ఆయనే. మరుసటి ఏడాది క్రైస్తవుల జెరూసలేం యాత్రకు ప్రభుత్వ సహాయం ప్రారంభించారు. హజ్ యాత్రికులకు సహాయం అంతకుముందే ఉన్నది. ఇవన్నీ రాజకీయ లెక్కలే అని కొట్టివేయవచ్చును. కాని ముఖ్యమంత్రి సంతకం ఏ గుడికి, ఏ చర్చికి సొంతం కాదని ఆ దస్త్రాలు చెబుతున్నాయి.

ఇందుకు విరుద్ధమైన ఉదంతం మన రాష్ట్రంలోనే ఉన్నది. ఎస్.ఎం. కృష్ణ మంత్రివర్గంలో కొడగుకు చెందిన టి. జాన్ మంత్రిగా ఉండేవారు. 2001 జనవరి 26న గుజరాతులో భూకంపం వచ్చి వేలాదిమంది మరణించారు. క్రైస్తవులపై జరిగిన దాడులకు అది దైవశిక్ష అన్న అర్థంలో ఆయన మాట్లాడారు. దేశమంతటా నిరసన వచ్చింది. మంత్రి పదవి వదలుకోవలసి వచ్చింది. పోవలసినదే. శిథిలాల కింద ఉన్నవారి మతం అడిగే హక్కు మంత్రికి లేదు. అదే కర్ణాటకలో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, పిమ్మట రాజకీయాలలోకి వచ్చి మంత్రి అయిన జె. అలెగ్జాండర్, 2013లో హోంశాఖ చేపట్టిన కె.జె. జార్జి వంటివారి పేర్లు పూర్వ విద్యార్థులకు పరిచితములే. అలెగ్జాండర్, జార్జి ఇద్దరూ జనరల్ స్థానాల దారిన వచ్చినవారు.

శాసనసభ గెలుపుతో సంబంధం లేకుండ చట్టసభలో కూర్చున్న ఒక క్రైస్తవుని కూడ చెప్పుకోవాలి. మహాకవి గుర్రం జాషువ 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి నియమితులయ్యారు. ‘గబ్బిలం’ కర్తను ఇక్కడ పరిచయం చేయనక్కరలేదు. క్రైస్తవులు ఆయనను హిందూ పురాణాలు వ్రాసేవాడని, అగ్రవర్ణులు అంటరానివాడని దూరం పెట్టారు. ఆయనకు మండలి స్థానం కవిగా దక్కినది. ఎన్నికకు నిలిచి ఉంటే ఏ గడిలో నిలబడవలసి వచ్చేదో!

రాజశేఖరరెడ్డి ఈ గడిని మార్చడానికి ఒక ప్రయత్నం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవంలోకి మారినవారిని 1970లోనే వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గంగా గుర్తించి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. అది చదువుకు, ఉద్యోగానికి పనికివస్తుంది, శాసనసభకు పనికిరాదు. 2009 ఆగస్టు నెలాఖరులో, దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. కొద్దిరోజులకే, సెప్టెంబరు 2న, నల్లమల అడవిలో హెలికాప్టరు కూలి ఆయన మరణించారు. ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి 2019 మే 30నుండి 2024 జూను వరకు ముఖ్యమంత్రి. 2023 మార్చి 24న అదే కోరికతో శాసనసభ మరల తీర్మానం చేసింది. రాష్ట్రం తీర్మానించగలదే కాని ఉత్తర్వును మార్చలేదు. అది పార్లమెంటు చేతిలోని పని. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతనిబంధన తొలగించాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో ఈ ప్రశ్న పరిశీలనకై మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషను ఏర్పాటైంది. హోదా ఇస్తే ఇప్పుడున్న షెడ్యూల్డు కులాలవారి వాటా తగ్గుతుందని భయపడేవారు, కులవివక్షకు క్రైస్తవంలో చోటులేనప్పుడు హోదా ఎందుకని అడిగేవారు ఉన్నారు. మొదటి భయం న్యాయమైనదే, జవాబు చెప్పవలసినదే. రెండవ ప్రశ్న అడిగేవారు మాత్రం మన పల్లెలలో సమాధుల స్థలాలు ఎన్ని చోట్ల వేరువేరుగా ఉన్నాయో ఒకసారి చూసి రావాలి.

నేను ఉద్యోగం చేసిన ఒక పాఠశాలలో ఒక తండ్రి కుమారుని చేర్పించడానికి వచ్చాడు. ఆదివారం చర్చిలో తబలా వాయించే మనిషి. మతము అన్న గడి దగ్గర నా కలం ఆగింది. ‘‘ఏమి వ్రాయమంటారు?’’ అని అడిగాను. ఆయన కుమారుని వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. ‘‘సారూ, వీడు రేపు ఏమైనా కావచ్చు కదా, మీరే ఆలోచించి వ్రాయండి’’ అన్నాడు. వెనుక వరుసలో ఇంకా ఇరవైమంది నిలబడి ఉన్నారు. నేను వ్రాశాను. ఏమి వ్రాశానో ఆ పుస్తకంలో ఉన్నది.