గోదావరి దాటిన మా తాత, గోండోళ్ల చెలక

ఈ ఎపిసోడ్‌లో మా ఇంటి ముచ్చటతోనే మొదలుపెడతాను.

మాది కరీంనగర్ వైపు నుంచి వెళ్లి ఆదిలాబాద్ జిల్లాలో స్థిరపడ్డ కుటుంబం. 1930లలో మా తాత ధర్మపురి వైపు నుంచి గోదావరి దాటి లక్షెట్టిపేట తాలూకాలోకి పోయాడు. ఆయన చెప్పే కథ ఒక్కటే: "ఆడ మనిషన్నోడు లేడు బిడ్డా. అంత అడవే. కొట్టినం, కాల్చినం, దున్నినం." ఇంట్లో ఎవరూ దీన్ని శంకించలేదు. అమెరికాలో పడమటికి బండ్లు కట్టుకుని పోయిన వాళ్ల మనవలు రాసుకున్న కుటుంబ చరిత్రలు చదివితే అక్కడా ఇదే మాట కనబడుతుంది. 1862 హోంస్టెడ్ చట్టం కింద ఐదేళ్లు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు. ఖాళీ నేల, కష్టపడ్డ తాత. అంతకు ముందు ఆ నేల మీద ఎవరున్నారన్నది కథలో రాదు.

మా తాత ఎందుకు పోయాడో అర్థం చేసుకోవాలి. ఆయన దొర కాదు. ఇవతలి ఒడ్డున దేశ్‌ముఖ్‌లు, వెట్టి, అప్పులు. అన్నదమ్ములు పంచుకుంటే మనిషికి మిగిలేది చారెడు నేల. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు పడ్డది, బెల్లంపల్లిలో బొగ్గు గని మొదలైంది. రైలు ఉంటే జొన్నకూ పత్తికీ బేరం ఉంటుంది. సాగు పెరిగితే నిజాం సర్కారుకు శిస్తు పెరుగుతుంది. అందుకే కరీంనగర్ రైతులు వందలుగా నది దాటారు.

పోయిన ఏడాది పంపకాల కోసం మేము కాగితాలన్నీ బయటికి తీశాం. తెలంగాణలో భూమి ముచ్చటంటే 1954-55 ఖాస్రా పహాణీ చూడాల్సిందే కదా. అందులో తాత పేరు ఉంది. ఏ పంచాయితీ లేదు. అయితే ఏ ముక్క ఎవరికని మాట్లాడుకునేటప్పుడు మా పెద్దన్న ఒక మడిని "గోండోళ్ల చెలక" అన్నాడు. మేమంతా పుట్టినప్పటి నుంచి అట్లే అంటున్నాం. నేను అక్కడ ఆగిపోయాను. మనిషన్నోడు లేని అడవిలో గోండోళ్ల చెలక ఎక్కడిది?

ఆ చెలకలో నాలుగు పెద్ద ఇప్పచెట్లు ఉన్నాయి. గోండులు చేను చేసుకునేటప్పుడు మిగతా చెట్లు నరికినా ఇప్పను నరకరు. పువ్వు, గింజ, నూనె, అన్నీ దానివే.

ఇక్కడ అసలు విషయం వస్తుంది. తేలిక నేలల్లో గోండులు రెండు మూడేళ్లు పండించి, ఆ భూమిని బీడుగా వదిలి ఇంకో చోటికి పోయేవాళ్లు. బలం వచ్చాక మళ్లీ తిరిగొచ్చేవాళ్లు. ఆ బీడు వాళ్ల లెక్కలో చేనే, సర్కారు లెక్కలో మాత్రం ఖాళీ. చాలామందిది శివాయి జమాబందీ సాగు. అంటే పట్టా లేకుండా, ఏ ఏటికి ఆ ఏడు శిస్తు కట్టి చేసుకునేది. రికార్డు ఉర్దూలో, కలం పట్వారీ చేతిలో. పట్టా అడగడం తెలిసినవాడు ముందు నిలబడితే చాలు, ఆ ఏడు తిరిగొచ్చిన గోండుకు అక్కడ చేను ఉండదు. మిగిలినదాన్ని రిజర్వు ఫారెస్టు గీత మింగింది.

కుమ్రం భీం కథలోనూ మొదటి గొడవ ఇదే కదా. కుటుంబం చెమటోడ్చి పండించిన చేను తనదని సిద్దిఖ్ అనేవాడు వచ్చాడు. భీం కొట్టిన దెబ్బకు అతను చనిపోయాడు. భీం అస్సాం తేయాకు తోటల దాకా పోయి, తిరిగొచ్చి, 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి రాసిన నివేదికల వల్ల 1940లలో పదివేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు పట్టాలు దక్కాయి. మా చెలక అప్పటికే చేతులు మారిపోయింది.

మా వంశం మూడు తరాలు దాటి ఎవరికీ చెప్పరాదు. గోండులకు అట్లా కాదు. ప్రధాన్‌లు కీక్రీ వాయిస్తూ ఒక్కో వంశం ఎక్కడ పుట్టింది, ఎటు నడిచింది పాడతారు. మెస్రం వంశం వాళ్లు నాగోబా జాతర కోసం ప్రతి ఏడూ కేస్లాపూర్ నుంచి జన్నారం దగ్గరి కలమడుగు దాకా కాలినడకన వచ్చి గోదావరి నీళ్లు తీసుకుపోతారు. మా తాత దాటిన గోదావరే అది.

ఇదంతా చదివాక మా బాపును అడిగాను. ఎనభై దాటినాయి ఆయనకు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒక ముసలాయన వస్తుండె. ప్రతి ఎండాకాలం, ఇప్పపువ్వు ఏరుకోను. మీ తాత ఎన్నడూ వద్దనలే. నేను పిల్లగాణ్ణి, గంప పడుతుంటి."

ఆయన పేరేంది బాపు అని అడిగితే, తెల్వదన్నాడు.

పంపకాలు ఇంకా తేలలేదు. ఆ చెలక మాత్రం కాగితాల మీద ప్రస్తుతం నా వాటాకే వచ్చింది.