పూత పుట్టుపూర్వం

మామిడి పూసింది అంటాం. పాప మోకాలికి వాళ్లమ్మ పసుపు పూసింది అనీ అంటాం. మొదటిది చెట్టు లోపలి నుంచి తన్నుకొచ్చింది, రెండోది బయటి నుంచి ఒక చెయ్యి తెచ్చి అద్దింది. ఇంత ఎదురుబొదురుగా ఉన్న రెండు పనులకూ తెలుగులో క్రియ ఒక్కటే: పూయు. దాని నుంచి వచ్చిన నామమూ ఒక్కటే: పూత.

మొదట్లో ఇవి రెండు మాటలు. పొరుగు భాషల్లో ఆ తేడా ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తమిళంలో పువ్వూ, పూయడమూ ‘పూ’. పులమడం మాత్రం ‘పూసు’. మలయాళంలో చెట్టు ‘పూక్కుం’, గంధమైతే ‘పూశుం’. కన్నడంలో పకారం హకారమై పువ్వు కాస్తా ‘హూవు’ అయింది, పులమడానికి ‘పూసు’ మిగిలింది. బరో, ఎమెనో కలిసి 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో కూడా ఈ రెండూ వేర్వేరు పద్దులే. తెలుగులో మాత్రం చేయు-చేసింది, కోయు-కోసింది వరుసలోకే రెండూ వచ్చి చేరాయి. మాటలు కలిసిపోయాయి, అర్థాలు విడిగానే ఉండిపోయాయి.

చెట్టు పూతను మామిడి రైతు కన్నా దగ్గరగా చూసేవాళ్లు లేరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అతని లోకమంతా ఆ గుత్తుల్లోనే. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల దాకా చిన్న చిన్న పూలు. కొన్ని మగవి, కొన్ని రెండు లింగాలూ ఉన్నవి. నూటికి ఒక్కటి కూడా కాయ దాకా నిలవదు. అందుకే పూత నిలవడం, పూత రాలడం, పూత మాడడం, పిందె కట్టడం అన్నవి తోట దాటి పెళ్లి సంబంధాల్లోకీ, వ్యాపారాల్లోకీ, పిల్లల చదువుల్లోకీ వచ్చేశాయి. పూచిన పూలన్నీ కాయలవుతాయా అని పెద్దవాళ్లు ఓదారుస్తుంటే, దాని వెనక ఈ లెక్క ఉంది. ఇక తేనెమంచు పురుగు పడితే చూడాలి: గుత్తుల్లోని రసం పీల్చి, తియ్యటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు ఆకుల మీదా గుత్తుల మీదా పొరలా పరుచుకుంటే, దాని మీద నల్లటి బూజు పెరిగి చెట్టంతా మసి కొట్టినట్టవుతుంది. పూత మీద ఇంకో పూత పడ్డట్టే.

చేతి పూతకు మంచి ఉదాహరణ కళాయి. ఇత్తడి గిన్నెను బొగ్గుల మీద బాగా కాల్చి, లోపల నవాసారం చల్లి, తగరం ముక్క ఆనిస్తాడు పనివాడు. 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర తగరం కరుగుతుంది. గుప్పున లేచే తెల్లటి పొగలోనే దూది ఉండతో గిన్నె చుట్టూ గిర్రున తిప్పుతాడు. చూస్తుండగానే పచ్చటి లోహం వెండిలా మెరుస్తుంది. ఈ పూత లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే కిలుమెక్కుతుంది, తిన్నవాళ్లకు వాంతులే. కళాయి ఎవరినీ మోసం చెయ్యదు, ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది. అయినా నుడికారం దీని మీద పగబట్టినట్టే ఉంటుంది. పైపూత మాటలు, గిల్టు ప్రేమలు, మసి పూసి మారేడుకాయ చేయడం... పూతకు చెడ్డపేరంతా ఈ రెండో అర్థం మోస్తోంది. ఇది అన్యాయమని నా నమ్మకం.

కొన్నిచోట్ల ఏ పూతో తేల్చలేం. నోరు పూసింది అంటాం. ఆ తెల్లటి మచ్చలు విచ్చిన పూలా, పులిమిన పొరా? చూపు పోగొట్టే మచ్చ కంట్లో పడితే దాన్నీ పువ్వే అన్నారు. దేవుడికి కొట్టిన కొబ్బరికాయలో పువ్వు వస్తే శుభమంటారు, అది నిజానికి కాయలోపల మొదలైన మొలకలో భాగం. ఆడపిల్ల పెద్దమనిషి అయితే పుష్పవతి అన్నాం; తమిళులు దాన్నే ‘పూప్పు’ అన్నారు.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో ఇంకో వింత. ‘స్ఫుట్’ ధాతువుకు పగలడం, విచ్చుకోవడం రెండూ అర్థాలే. మొగ్గ విచ్చితే లోపలిది కనిపిస్తుంది కాబట్టి ‘ప్రస్ఫుటం’ అంటే స్పష్టం అయింది. అదే ధాతువు గనుల్లో, యుద్ధాల్లో ‘విస్ఫోటం’ అయింది. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘స్ఫోటకం’. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకంలో లేకుండా పోయిందని ప్రకటించిన మశూచికి మనవాళ్ల పేరు అదే.

ఈ రెండు పూతలూ నేరుగా తలపడింది ‘పూజ’ దగ్గర. వేదకాలపు యజ్ఞంలో నిప్పూ ఆహుతీ ముఖ్యం. విగ్రహానికి పూలూ గంధమూ పెట్టి కొలవడం తర్వాతి పద్ధతి. కాబట్టి మాట కూడా ద్రావిడ భాషల నుంచి వచ్చి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు. పూలతో చేసేది గనుక ‘పూ’ నుంచి పుట్టిందన్నాడు మార్క్ కాలిన్స్. సునీతికుమార్ ఛటర్జీ ఆయన పక్షం. కాదు, పులమడమనే ‘పూసు’ నుంచి పుట్టిందన్నాడు స్వీడన్ పండితుడు షార్పెంతియే. ఇవేవీ కావు, అతిథికిచ్చే తేనె కలిపిన పానీయం ‘మధుపర్కం’ పేరులో ఉన్న, కలపడమనే సంస్కృత ధాతువే దీనికి మూలమన్నాడు జర్మన్ పండితుడు పాల్ థీమె. తగువు తెగలేదు.

నా మొగ్గు షార్పెంతియే వైపు. మన ఊళ్లలో పోచమ్మనో, పోలేరమ్మనో, బొడ్రాయినో చూడండి. చెట్టు కింద రాయి రాయిగానే ఉంటుంది. కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాకే అమ్మవారవుతుంది, ఆ తర్వాతే దండం పెడతారు. ఆ రోజు పువ్వు దొరక్కపోతే వేపరెమ్మతో సరిపెట్టుకుంటారు గాని, పసుపు లేకుండా మాత్రం మొదలుపెట్టరు.