సెఫలెక్సిన్

సెఫలెక్సిన్ అనునది బాక్టీరియా వలన కలుగు వ్యాధులకు నోటిద్వారా సేవింపదగిన సెఫలోస్పోరిన్ జాతి ఔషధము. ఆ జాతిలో మొదటి తరమునకు చెందిన యీ మందు 1970 ప్రాంతమున వాడుకలోనికి వచ్చి, పెద్దలకు గొట్టపు మాత్రలుగాను, పిల్లలకు నీట కలిపి పట్టు పొడిగాను నేటికిని మందుల షాపులలో లభించుచున్నది.

ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపమున కాల్యారీ విశ్వవిద్యాలయములో ఆరోగ్యశాస్త్రాచార్యుడైన జుసెప్పె బ్రోట్జు, పట్టణపు మురుగునీరు సముద్రమున కలియుచోట ఆ జలము తనంతట తానే శుద్ధి పొందుచుండుటకు కారణమేమైయుండునని విచారించి, 1945లో అచ్చటి నీటినుండి యొక బూజును వేరుచేసి, దాని సారము టైఫాయిడ్ క్రిములను సైతము అణచుచున్నదని కనుగొనెను. 1943 నాటి వైమానిక దాడులచే శిథిలమైన నగరమున, కొద్దిపాటి సాధనములతో ఆయన సాగించిన యీ కృషి నిక్కముగా పూజ్యమైనది. 1948లో ఫలితములను ప్రకటించి ఆ బూజును ఆక్స్‌ఫర్డునకు పంపగా, అచ్చట ఎడ్వర్డ్ అబ్రహామ్, గై న్యూటన్ అను శాస్త్రజ్ఞులు 1953లో దానినుండి సెఫలోస్పోరిన్ సి అను పదార్థమును గుర్తించిరి. ఆ పదార్థపు శక్తి స్వల్పము. దాని మూలాకృతిని నిలిపి శాఖలను మార్చుటచే పుట్టిన తొలి మందులు సూదిద్వారా మాత్రమే యెక్కింపదగినవి. జఠరామ్లమునకు చెడక, ప్రేవులనుండి రక్తములోనికి చక్కగా చేరుట సెఫలెక్సిన్ యొక్క విశేషము.

బాక్టీరియా తన దేహమును చుట్టియున్న కణకుడ్యమును పెరుగుదలకు తగినట్లు నిరంతరము కట్టుకొనుచుండును. పెన్సిలిన్ నందువలెనే దీనియందును గల బీటా లాక్టమ్ వలయము ఆ గోడను అల్లు ఎంజైములను బంధింపగా, పని నిలిచిన గోడ బలహీనమై క్రిమి పగిలి నశించును; మానవకణములకు అట్టి గోడయే లేదు గనుక అవి యీ దెబ్బకు లోనుగావు. అయితే గోడ కట్టుచున్న క్రిమినే యిది చంపగలదు. అదియును రక్తమున తగినంత మందు నిలిచియున్నంత సేపు మాత్రమే. మూత్రపిండములు సరిగా నున్నవారిలో సుమారొక గంటకు రక్తమందలి మందు సగమగును. అధికభాగము మార్పు చెందకయే మూత్రమున వెడలిపోవును. మూత్రనాళ వ్యాధులలో నిది రాణించుటకు అదియొక హేతువు. మందు రక్తమున త్వరగా తరుగుటచేతనే పెద్దలకు 250 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకొకమారో, 500 మిల్లీగ్రాముల చొప్పున పండ్రెండు గంటలకొకమారో వైద్యులు వ్రాయుదురు. ఉదయము మరచిన మాత్రను రాత్రి మాత్రతో జతచేసి మ్రింగుట ఆ లోటును తీర్పదు. పిల్లలకు బరువునుబట్టి కిలోకు రోజునకు 25 నుండి 50 మిల్లీగ్రాములు విభజించి యిత్తురు. మూత్రపిండములు చెడినవారికి మోతాదు తగ్గింపవలెను.

చర్మముపై లేచు చీముపొక్కులు, సెగగడ్డలచుట్టు ప్రాకు వాపు, చెవిపోటు, స్ట్రెప్టోకాకస్ వలన వచ్చు గొంతునొప్పి మొదలగువానియందు దీనిని వాడుదురు. గొంతునొప్పి రెండు మూడు దినములలో ఉపశమించినను కోర్సు పది దినములు సాగింపవలయును. ఏలయనగా మిగిలిన క్రిమి రుమాటిక్ జ్వరమునకు దారితీసి, బాలల హృదయ కవాటములను జీవితాంతము చెరుపగలదు. జలుబు, ఫ్లూ, డెంగ్యూ వైరస్ వ్యాధులగుటచే వానిపై దీనికి ప్రభావమే లేదు. సూడోమోనాస్, ఎంటెరోకాకస్ క్రిములకును, మెథిసిలిన్‌ను ధిక్కరించు స్టెఫిలోకాకస్‌కును ఇది పనికిరాని మందు. బ్రోట్జు వెదకిన టైఫాయిడునకు సైతము సెఫలెక్సిన్ తగదు. ఆ జ్వరమునకు మూడవ తరపు సెఫిక్సిమ్ వంటివి వాడబడుచున్నవి. భారతదేశమున 2014 మార్చి నుండి అమలునకు వచ్చిన హెచ్1 షెడ్యూలులో సెఫిక్సిమ్ చేరియున్నందున, దానిని వైద్యుని చీటీపై మాత్రమే అమ్మి, వివరములను ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను.

విరేచనములు, కడుపునొప్పి, దద్దురులు సెఫలెక్సిన్ వలన కలుగు సామాన్య బాధలు. పెన్సిలిన్ పడక ముఖము వాచుట, ఊపిరాడకపోవుట వంటి ప్రమాదము పూర్వము జరిగినవారు ఆ సంగతిని వైద్యునకు ముందే చెప్పవలెను. అందును పెన్సిలిన్ జాతిదైన ఆంపిసిలిన్‌తో దీని శాఖకు మిక్కిలి పోలిక గలదు గనుక, అది పడనివారికి ఇదియు పడకపోవచ్చును. మందు వాడిన పిమ్మట నీళ్లవిరేచనములు తీవ్రమై నిలువకున్నచో, అది క్లాస్ట్రిడియమ్ అను క్రిమి ప్రేవులలో ప్రబలిన లక్షణము కావచ్చును గనుక వెంటనే చూపించుకొనవలెను.

పిల్లల పొడిని నీట కలిపిన పిదప ఫ్రిజ్‌లో నుంచి, పోయునప్పుడెల్ల సీసాను బాగుగా కుదిపి వాడవలెను. పదునాలుగు దినములు దాటిన శేషమును పారవేయవలెను.