బయోప్రింటింగ్
సజీవ కణాలను జెల్‌లాంటి బయోఇంక్‌లో కలిపి, పొరమీద పొరగా పేర్చి కణజాలాన్ని తయారుచేసే పద్ధతి. రోగి సొంత కణాలే వాడితే, అమర్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించే ముప్పు తగ్గుతుంది; దీనిమీద ఇంత ఆశ పెట్టుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

అసలు చిక్కు రక్తనాళాల దగ్గరే. కేశనాళిక నుంచి సుమారు 0.2 మిల్లీమీటర్లు దాటితే కణానికి తగినంత ఆక్సిజన్ అందదు. అందుకే కాలేయం, మూత్రపిండం వంటి మందపాటి అవయవాలు మార్పిడి దశకు చేరలేదు. 2019లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం మనిషి కణాలతో ముద్రించిన చిట్టి గుండెలో నాళాలున్నా, రక్తాన్ని పంపు చేసే శక్తి లేదు.

కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు రక్తనాళాలే ఉండవు. కనుక అక్కడ దారి కాస్త సుగమం. 2022లో హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్‌ నేత్ర సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ పరిశోధకులు కణాలు తొలగించిన కార్నియా పదార్థంతో, మనిషి కంటి మూలకణాలతో కార్నియాను ముద్రించి కుందేలు కంట్లో అమర్చారు.