మరమగ్గమును కల్పించిన క్రైస్తవ గురువు



మా ఓరుగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేయు మగ్గముల చప్పుడు తరతరములుగా వినవచ్చుచున్నది. ఆ చప్పుడునకును, సముద్రముల కావల ఇంగ్లండులో ధర్మబోధ చేసిన క్రైస్తవ గురువులకును సంబంధ మున్నదన్నచో మీకు వింతగా తోచవచ్చును. యంత్రములను కల్పించువారు కమ్మరులు, వడ్రంగులు మాత్రమే యని మన తలంపు. కాని బట్టల పనిలో రెండు గొప్ప యంత్రములు గురువుల యిండ్లనుండియే వెలువడినవి. ఆ కథ నేత యెరిగిన ఊళ్లవారు తెలిసికొనదగినది.

మొదటివాడు విలియం లీ. ఈయన నాటింగ్‌హాం సీమలోని కాల్వర్టన్ గ్రామమున గురువుగా నుండెనని చెప్పుదురు. 1589వ సంవత్సరమున మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. చేతి సూదులతో ఒక్కొక్క ముడినే వేయవలసిన చోట, ఈ యంత్రము వరుసలోని ముడులన్నిటిని ఒక్కమారే వేయును. ఎలిజబెత్తు రాణి దీనికి పేటెంటు నీయ నిరాకరించెననియు, చేతి అల్లికచే బ్రతుకు బీదల కూడు పోవునని ఆమె శంకించెననియు ప్రతీతి. లీ ఫ్రాన్సునకు తరలిపోయెను. అచ్చట ఆదరించిన నాలుగవ హెన్రీ రాజు 1610లో హతుడయ్యెను. పిదప కొలదికాలమునకే లీ ఆ పరదేశముననే కన్నుమూసెను.

రెండవవాడు ఎడ్మండ్ కార్ట్‌రైట్. 1743లో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, గోడ్బీ మార్వుడ్ గ్రామమున గురువై, పద్యములు వ్రాయుచుండిన పండితుడు. 1784లో మాట్లాక్ అను ఊర మాంచెస్టరు పెద్దమనుష్యులతో ప్రసంగము వచ్చెను. ఆర్క్‌రైట్ యంత్రములు వడకు నూలంతయు నేయుటకు చేతులు చాలవని వారు చింతించిరి. అట్లయిన నేయు యంత్రమునే కల్పింపవలెనని గురువు పలికెను. అది యసాధ్యమని వారందరు కొట్టివేసిరి.

మనుష్యుడు నేయుచుండగా అంతవరకెన్నడును చూచి యెరుగని ఆయన, 1785లో మరమగ్గము చేయించి పేటెంటు పొందెను. దానిని నడుపుటకు ఇద్దరు బలాఢ్యులు కావలసివచ్చెను. వారును కొంతసేపటికే అలసిపోవుదురు. అప్పుడు గాని ఆయన సామాన్య నేతగాని మగ్గమువంక చూడలేదు. అచ్చటి సులువునకు తానే ఆశ్చర్యపడి, తన యంత్రమును దిద్దుకొనెను. పండితునకు సాలెవాడు గురువైనాడు.

అయినను ఆయనకు లాభము కలుగలేదు. డాంకాస్టరులో పెట్టిన కర్మాగారము నష్టపడెను. ఆయన మగ్గములు పెట్టిన మాంచెస్టరు మిల్లు అగ్నికి ఆహుతి యయ్యెను. 1809లో పార్లమెంటు 10,000 పౌనుల బహుమాన మిచ్చెను. ఇతరులు మెరుగుపరచిన మరమగ్గములు వ్యాపించినకొలది ఇంగ్లండు చేనేతవారి బ్రతుకు చెడెను. ఆ మిల్లుగుడ్డ ఓడలెక్కి వచ్చి మన సాలెవారి కూటిలోను మన్ను కొట్టెను.

ఆ మరమగ్గమే 1934లో ఆజంజాహి మిల్లు రూపమున మా ఓరుగల్లునకు వచ్చెను. అనేక కుటుంబములకు అన్నము పెట్టిన ఆ మిల్లు కాలక్రమమున మూతపడినది. మిల్లు పోయినది, జంపఖానా నిలిచినది. 2018లో ఓరుగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

దీనికి కారణము మగ్గములోనే యున్నది. మరమగ్గపు నాడె ఈ యంచునుండి ఆ యంచుదాక పరుగెత్తును. మన జంపఖానాలో బొమ్మ దిగు పట్టున రంగు మారుచోట, పేకను చేతితో నడుమనే మరలించి, ప్రక్క రంగు పేకతో పెనవేయుదురు. అంచుదాక పోక మధ్యనే తిరిగివచ్చు పోగు ఆ పరుగుకు లొంగదు. యంత్రము చేయలేని పని మిగిలినంతకాలము చేతికి విలువ యుండును. కాని ఆ చేతిపని నేర్చువారే లేకున్న, గుర్తింపుపత్రము మగ్గము నేయజాలదు.

నేను ఆ గురువులను నిందింపను. శ్రమ తగ్గింపగోరుట పాపము కాదు. ఎవరి కూడు పోవునను ప్రశ్నను యంత్రము పుట్టకముందే అడుగవలెనని మాత్రము వారి చరిత్ర చెప్పుచున్నది. కావున పెద్దలకు నా విన్నపమొకటి. బడినుండి వచ్చిన మీ మనుమని, మనుమరాలిని దినమునకొక గడియ మగ్గముకడ కూర్చుండబెట్టుడు. వారు రేపు నేతగాండ్రు కాకపోవచ్చును; యంత్రములు కల్పించువారే కావచ్చును. అప్పుడు ముందు మగ్గమును చూచి, పిదప యంత్రమును కల్పింతురు.