సెలైన్ నుంచి తిరిగి రక్తానికి

హైదరాబాద్ పంజాగుట్టలో ఉన్న నిమ్స్ మొదట ఎముకల ఆస్పత్రి. 1960ల్లో నిజాం ట్రస్టు నిధులతో నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా మొదలైంది, మిగతా విభాగాలన్నీ తర్వాత చేరినవే. ఎముకలకూ రక్తానికీ సంబంధమేమిటని అనిపిస్తుంది. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కారకుండానే లీటరు, లీటరున్నర రక్తం కండల్లోకి దిగిపోతుంది. నడుము కింది ఎముకల చట్రం చితికితే ఇంకా ఎక్కువ. ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు. బైకు మీంచి పడ్డవాడికి రెండూ విరిగితే ఏం మిగులుతుంది?

పోయిన దాన్ని దేనితో నింపాలన్న ప్రశ్నకు వైద్యం ఇచ్చిన జవాబు వందేళ్లలో గుండ్రంగా తిరిగి మొదటికొచ్చింది. 1914-15లో సోడియం సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని తెలిసింది. 1917లో ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే సైనిక వైద్యుడు యుద్ధరంగం దగ్గరే రక్తం నిల్వ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్లకు ప్లాస్మాతో పాటు సీసాల్లో విడదీయని రక్తమూ ఎక్కించారు. ఆ తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, రక్తాన్ని మూడుగా విడదీయడం మొదలైంది. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో, ప్లాస్మా గడ్డకట్టే చలిలో, ప్లేట్‌లెట్లు గది వేడిలో ఊగుతూ ఐదు రోజులు. తలసీమియా పిల్లకు ఎర్రకణాలు చాలు, డెంగ్యూ రోగికి అవసరమైతే ప్లేట్‌లెట్లు చాలు. ఒక దాత ముగ్గురికి పనికొచ్చాడు. కానీ రోడ్డు మీద రక్తం కారేవాడికి పోయేది మూడూ కలిసే కదా!

అదే కాలంలో సెలైన్ నమ్మకం బలపడింది. బీపీ పడిపోతే ముందు రెండు లీటర్లు ఎక్కించమని తరాల డాక్టర్లకు నేర్పారు. సెలైన్ ఆక్సిజన్ మోయదు, గడ్డకట్టించదు. చారులో నీళ్లు పోసినట్టు ఉన్న రక్తాన్నీ పలచన చేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ ఒంట్లో రక్తం గడ్డకట్టడం మరింత కష్టం. 1994లో హ్యూస్టన్‌లో మొండెంలో కత్తిపోట్లు, తుపాకీ గాయాలైన 598 మందిని పరిశీలిస్తే, వెంటనే సెలైన్ పెట్టినవాళ్లలో నూటికి 62 మంది బతికారు. ఆపరేషన్ దాకా ఆపినవాళ్లలో 70 మంది బతికారు. 2003లో లండన్‌లో కరీం బ్రోహి బృందం మరో సంగతి బయటపెట్టింది. తీవ్రంగా గాయపడి వచ్చేవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఆస్పత్రి గడప తొక్కేసరికే గడ్డకట్టే గుణం దెబ్బతిని ఉంటోంది.

ఇక 2007లో బాగ్దాద్ సైనిక ఆస్పత్రి లెక్కలు బయటికొచ్చాయి. 246 మందిలో ప్లాస్మా బాగా తక్కువ అందినవాళ్లు 65 శాతం చనిపోయారు. ఎర్రకణాలకు దాదాపు సరిసమానంగా అందినవాళ్లలో 19 శాతమే. ప్రపంచం ఎగబడింది. నాకు నచ్చింది మాత్రం ఆ తర్వాత వచ్చిన సందేహం. గడ్డకట్టిన ప్లాస్మా కరగడానికి అరగంట దాకా పడుతుంది. అరగంట బతికినవాడికే అది అందుతుంది. ప్లాస్మా వల్ల బతికారా, బతికారు గనక ప్లాస్మా అందిందా?

తేల్చడానికి 2015 దాకా పట్టింది. అమెరికా, కెనడాల్లో 680 మందిలో సగం మందికి ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు ఒకటికొకటి చొప్పున, మిగతావాళ్లకు ఎర్రకణాలు రెట్టింపుగా ఇచ్చారు. నెల రోజుల మరణాల్లో గట్టిగా చెప్పగలిగే తేడా తేలలేదు. మొదటి రోజు రక్తం కారిపోయి చనిపోవడం మాత్రం 14.6 నుంచి 9.2 శాతానికి తగ్గింది. అంటే విడదీసిన మూడింటినీ మళ్లీ కలపడమే! ఇందులో కొత్త మందేమీ లేదు.

భారీగా రక్తం పోయేవాళ్లకు ఇలా రక్తం అందించే పద్ధతి పేరు మాసివ్ ట్రాన్స్‌ఫ్యూజన్ ప్రొటోకాల్. అందులో కొత్తదనమంతా వరసలో ఉంది. ఎమర్జెన్సీ నుంచి ఒక ఫోన్. రోగికి ఆ రక్తం సరిపడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచింగ్ కోసం ఆగకుండా ఓ గ్రూపు ఎర్రకణాలతో మొదటి పెట్టె. ఓ నెగెటివ్ మన దగ్గర నూటికి ఒకరిద్దరికే ఉంటుంది కాబట్టి మగవాళ్లకు సాధారణంగా ఓ పాజిటివ్‌తో సరిపెడతారు. రోగి రక్తం శాంపిల్ వెనక వెళుతుంది. రక్తాన్ని వెచ్చబెట్టి ఎక్కించాలి. సంచిలోని సిట్రేట్ కాల్షియాన్ని లాగేస్తుంది కాబట్టి కాల్షియం ఇవ్వాలి. మూడు గంటల్లోపు ట్రనెక్సామిక్ యాసిడ్ పడాలి. ఇది 1962లో జపాన్‌లో ఒకామోటో దంపతులు కనిపెట్టిన, రక్తస్రావాన్ని తగ్గించే చవక మందు. దీని విలువ తేల్చిన 2010 నాటి క్రాష్-2 పరీక్షలో మన దేశపు ఆస్పత్రులూ పాల్గొన్నాయి.

మన ఊళ్లో చిక్కంతా మొదటి ఫోన్ దగ్గరే ఉంది. ఇక్కడ రక్తం కోసం పరుగెత్తేది బంధువు. 1996 సుప్రీంకోర్టు తీర్పుతో డబ్బుకు రక్తం అమ్మడం 1998 నుంచి నిషేధమైంది, మంచిదే. ఆ ఖాళీని చాలావరకు నింపింది 'రిప్లేస్‌మెంట్'. ఒక యూనిట్ కావాలంటే ఒక డోనర్‌ను తెచ్చుకోమంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు మొదలయ్యాక క్షతగాత్రుడు బంధువుల కంటే ముందే ఆస్పత్రికి చేరుతున్నాడు. ఇంకా పేరు కూడా తెలియనివాడి తరఫున డోనర్‌ను ఎవరు తేవాలి? ప్రొటోకాల్ పెట్టుకున్న ఆస్పత్రి ముందు ప్యాకెట్లిచ్చి, అప్పు తర్వాత చూసుకోవాలి. ఆ అప్పు తీరడానికి అమీర్‌పేట కోచింగ్ హాస్టళ్ల కుర్రాళ్లకు వాట్సాప్‌లో మెసేజ్ వెళుతుంది.

అందుకే రెండో ఫోన్‌కూ అంతే విలువ. రక్తస్రావం ఆగింది, ఇక పెట్టెలు పంపొద్దని ఎమర్జెన్సీ నుంచి చెప్పేవాడొకడు ఉండాలి. చెప్పడం మరిచిపోతే కరిగించిన ప్లాస్మాను మళ్లీ గడ్డకట్టించి దాచలేరు.